సీసా లేని తాగుబోతు

ఆదివారం పొద్దున్నే పేపరు చేత్తో పట్టుకుని, నవలలు రాసే అమలమ్మ గుణదలలో డాక్టర్ సిద్ధార్థ ఇంటి మీదకి వచ్చింది.

"ఎవర్ని అడిగి రాశారండీ ఇది?"

"కూర్చోండమ్మా. మంచినీళ్ళు..."

"మీ మంచినీళ్ళు మీరే తాగండి! నా నవల్లో ఇశ్రాయేలు తాగుబోతు. తాగి తూలతాడు, తాగి గిన్నెలు పడేస్తాడు. మీరేమో హంటింగ్‌టన్ జబ్బని రాసి పారేశారు!"

"వారం వారం ఒక నవల్లో పాత్రని తీసుకుని, ఏం జబ్బయి ఉంటుందో రాస్తుంటానండీ. సరదాకి. జనానికి జన్యురోగాల గురించి తెలుస్తుందని..."

"సరదాకా! పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. మా అమ్మాయి బ్లెస్సీని చేసుకుంటామన్న పామర్రు వాళ్ళు పొద్దున్నే ఫోన్ చేశారు. ‘ఇశ్రాయేలంటే మీ నాన్నేగా, అది వంశంలో దిగే జబ్బంటగా’ అని. వచ్చే వారం ప్రధానం మాకు!"

"అయ్యో... మీ నాన్నగారని నాకు తెలీదండీ."

"గుణదలంతా తెలుసు, మీకొక్కరికే తెలీదు. వచ్చే ఆదివారం తప్పయిందని రాయండి. తాగుబోతేనని రాయండి."

"రాయలేనమ్మా."

"ఎందుకు రాయలేరు? లేనిపోని జబ్బు రాసేటప్పుడు బాగానే ఆడిందిగా కలం!"

"నవల రెండుసార్లు చదివానండీ. ఇశ్రాయేలు తూలతాడు. చేతులు వాటంతటవే ఎగురుతుంటాయి. ఉన్నట్టుండి అరుస్తాడు. ఇక తాగనని మేరీమాత ముందు ఏటా ఒట్టేయిస్తారు. కానీ అతను ఒక్కచోట కూడా తాగడు. పుస్తకం మొత్తంలో ఒక్క సీసా లేదు."

"మర్చిపోయుంటాను."

"వంటింట్లో ఉప్పు డబ్బా ఏ మూలనుందో కూడా రాసినావిడ, సీసా మర్చిపోయారా?"

"ఆపండి."

"కోప్పడకండమ్మా. తండ్రికుంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం. అంటే ముందు మీకు. మీకు లేకపోతే, మీ నుంచి బ్లెస్సీకి రాదు. ఒక్క రక్తపరీక్ష..."

"పరీక్షా! ఆ మాట పామర్రు చేరడానికి ఎంతసేపు? తాగుబోతు కూతురికి పెళ్ళవుతుందండీ. మా నలుగురక్కచెల్లెళ్ళకీ అయింది. జబ్బు మనిషి కూతుర్ని ఎవడు చేసుకుంటాడు? చెప్పండి, ఎవడు?"

"మీ నాన్నగారు నిజంగా తాగేవారా?"

"వాసనొచ్చేది. గుడిలో పక్కనున్న వాళ్ళందరికీ వచ్చేది. వెళ్ళి అడగండి."

"నోట్లోంచా?"

"అదేం ప్రశ్న?"

"అమలమ్మగారూ. నోట్లోంచా?"

"చొక్కాలోంచి. ఆదివారం పూజకి బయల్దేరే ముందు మా అమ్మే సారా చల్లేది. ‘ఇంకాస్త చల్లవే, పెద్దది పెళ్ళికెదిగింది’ అనేవాడు నాన్న."