వెనక సీటు బెల్టు

పాత కార్ల షెడ్డులో బూడిదరంగు కారు, తెల్లకారు పక్కపక్కనే ఉన్నాయి. కొనడానికొచ్చిన లెక్కల మాస్టారు రెండింటి వెనక తలుపులూ బార్లా తీసి, అమ్మ మోకాళ్లకు ఏది నయమో చూసుకున్నారు.

“రెండూ ఒకలాంటివే కదా, బూడిదరంగుది సగం ధరకే ఎందుకిస్తున్నారు?” అని అమ్మేవాణ్ని అడిగారు.

“వెనక ఎవరూ లేకపోయినా బెల్టు పెట్టమని మోగుతుంటుందండి. పెడితే ఊరుకుంటుంది.”

“బాగు చేయించలేదా?”

“చాలామంది మెకానిక్కులు చూశారు. కారులో ఏ లోపమూ లేదన్నారు.”

మాస్టారు గబగబా రెండు కార్ల తలుపులూ మూసేశారు.

“వద్దులెండి. వెనక మా అమ్మ ఒక్కతే కూర్చోవాలి. అప్పోసప్పో చేసి తెల్లదే తీసుకుంటాను.”

“మీ ఇష్టం. స్టార్ట్ చేసి చూడండి.”

తాళం తిప్పగానే తెల్లకారు మోగడం మొదలుపెట్టింది. మాస్టారు వెనక్కి చూశారు. సీటు ఖాళీగానే ఉంది.

“మాస్టారూ, ఇందాక రెండింటి తలుపులూ ఒకేసారి తీశారా?”

“తీశాను. ఏం?”

“మేమెప్పుడూ అలా తీయమండి.”

అమ్మేవాడు వెనక తలుపు తీసి, పసిపిల్లకు పెట్టినంత జాగ్రత్తగా ఖాళీ సీటుకు బెల్టు పెట్టాడు. మోత ఆగిపోయింది.

“ఇక ధరలు మారాయి మాస్టారూ. ఇది సగానికే ఇచ్చేస్తాను. బూడిదరంగుదానికి మాత్రం పూర్తి ధర పడుతుంది.”