దణ్ణం పెట్టే కుక్క

పశువుల ఆసుపత్రి బల్ల మీద కుక్క ముందుకాళ్లు చాచి, ఛాతీ ఆనించి, నడుము పైకెత్తింది. దాన్ని తెచ్చిన పెద్దాయన మురిసిపోయాడు.

"చూశారా డాక్టరమ్మా, మీకూ దణ్ణం పెడుతోంది!"

"ఎవరు నేర్పారండీ?"

"ఎవరూ నేర్పలేదు. మొన్నటి నుంచి తనంతట తనే పెడుతోంది. ఇంటిల్లిపాదికీ ఒకటే ముచ్చట."

"వాంతులు ఎప్పటి నుంచి?"

"అవీ మొన్నటి నుంచే."

"దణ్ణం పెడితే తినడానికి ఏమైనా ఇస్తున్నారా?"

"ఇవ్వకుండా ఎలా ఉంటామమ్మా? వేయించిన కోడితోలు. దీనికో ముక్క, దీని పిల్లకో ముక్క. మా ఆవిడైతే వెన్న కూడా పెడుతుంది."

"బాబాయ్‌గారూ, అది దణ్ణం కాదు. కడుపునొప్పి. రక్తం పరీక్ష చేస్తాను గానీ, పొట్టలో క్లోమం వాచినట్టుంది. నొప్పికి తాళలేక అలా వంగుతోంది. కొవ్వు తింటే ఆ వాపు ఇంకా పెరుగుతుంది."

"అంటే... అది నొప్పని చెప్పుకున్నప్పుడల్లా మేం..."

"మీ ఫోన్ మోగుతోంది. తీయండి."

"ఆఁ, చెప్పవే... ఏంటీ?... అయ్యో..."

"ఏమైందండీ?"

"దీని పిల్ల కూడా దణ్ణం పెట్టడం నేర్చుకుందటమ్మా. మా ఆవిడ మురిసిపోయి, వెన్నగిన్నె దాని ముందే పెట్టేసిందట."