కాయ కొట్టందే దించని బోర్డు

నా పేరు కొండేపోగు బెంజిమిన్. తండ్రి పేరు నెహెమ్యా, ఇప్పుడు లేరు. వయసు యాభై ఒకటి. నరసరావుపేటలో పాత కూరగాయల మార్కెట్ వీధిలో జిరాక్సు, డీటీపీ షాపు నడుపుకుంటున్నాను. నివాసం షాపు పైనే. ఈరోజు ఉదయం ఎవరూ పిలవకుండా నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చి, ఎస్సై గారు అడిగినదానికి ఇలా చెబుతున్నాను.

మా వీధిలో కూలిన ప్రకటనల బోర్డు విషయంలో ఆ బోర్డు కంపెనీ సూపర్‌వైజరు ఫిర్యాదు ఇచ్చాడు. ఉల్లిపాయల వ్యాపారి జయకృష్ణ, మరో నలభై మంది కలిసి రోడ్డు ఆపేశారని, దించమన్నా దించలేదని, క్రేనును పని చేయనివ్వలేదని అందులో రాశాడు. ఆ ఫిర్యాదుకు జిరాక్సులు మా షాపులోనే తీయించాడు కాబట్టి చదివాను. బోర్డు కింద చిక్కుకున్న నలుగురిలో నా కూతురు మానస ఒకతె. ఆమె ఈరోజు బతికి ఉందంటే జయకృష్ణ ఆ బోర్డును దించకపోవడం వల్లే. ఆ మాట ఫిర్యాదులో ఎక్కడా లేదు. అందుకే వచ్చాను.

ఆ బోర్డు రోడ్డు పక్కన నాలుగు ఇనుప కాళ్ల మీద మూడంతస్తుల ఎత్తున ఉండేది. ఈతకొలనులున్న అపార్టుమెంట్ల ప్రకటన. మా వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. రోజూ ఆ నీలం నీళ్లు చూసుకుంటూ బిందెలు వరసలో పెట్టుకునేవాళ్లం. కాళ్లు తుప్పు పట్టాయని వీధిలో అందరం అనుకున్నాం. అనుకుని ఊరుకున్నాం.

మే నెల పదకొండో తేదీ మధ్యాహ్నం విపరీతమైన ఎండ కాసి, మూడున్నర దాటాక ఒక్కసారిగా గాలిదుమారం లేచింది. నేను షట్టరు సగం దించాను. పెద్ద చప్పుడైంది. తలెత్తి చూస్తే బోర్డు వెనక కాళ్లు రెండూ విరిగి, బోర్డు మొత్తం రోడ్డు మీదికి వాలి, ఎదుటి కరెంటు స్తంభానికి తట్టుకుని ఆగి ఉంది. దాని బరువుకు స్తంభం కూడా వంగుతోంది. ఫ్లెక్సీ చిరిగి బస్ షెల్టరు మీద, సోడా బండి మీద దుప్పటిలా కప్పేసింది. దాని అంచు కింద ఇమాం సాహెబ్ ఆటో ఉంది. లోపలి నుంచి కేకలు వినిపిస్తున్నాయి. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే కరెంటు ఆపేశామని చెప్పాడు.

మేము ఫోన్లలోనే ఉన్నాం. జయకృష్ణ తన ఉల్లిపాయల గోదాములోంచి లావుపాటి మోకుతాళ్లు బయటికి లాగిస్తున్నాడు. అవి మా వీధి ప్రభ మోకులు. శివరాత్రికి కోటప్పకొండకు నడిపించే ప్రభ, కర్రలతో గోపురంలా కట్టి అలంకరించేది, తాటిచెట్లను మించి ఉంటుంది. అది ఒరగకుండా నాలుగు వైపులా మనుషులు మోకులు పట్టుకుని నడుస్తారు. మార్కెట్ హమాలీలే ఏటా ఆ మోకులు పట్టేది. ఆ వారం రోజులూ వీధిలో తీగలు విప్పుతారు, కరెంటు పోతుంది, నా మిషన్లు పడుకుంటాయి. ఏటా నేను గొడవ పెట్టుకుంటాను. వచ్చే ఏడాది కూడా పెట్టుకుంటాను, అది వేరే సంగతి.

హమాలీలు అటు మేడ మీదికి, ఇటు మేడ మీదికి ఎక్కి బోర్డు మూలలకు మోకులు బిగించారు. నాలుగు మోకులు, మోకుకు పదేసి మంది. జయకృష్ణ అందరికీ కనిపించేలా నడిరోడ్డు మీద నిలబడి చేతిలో ఎర్ర గుడ్డ పట్టుకున్నాడు. ప్రభ దగ్గర వాళ్ల పద్ధతి ఒకటుంది. మోకు పట్టినవాడు ప్రభను చూడకూడదు. పైకి చూస్తే భయం వేస్తుంది, భయం వేస్తే చేయి వదులవుతుంది. అందుకని గుడ్డ ఒక్కటే చూడాలి. గుడ్డ ఎటు కదిలితే అటు లాగాలి, గుడ్డ ఆగితే ఆగాలి.

"చేదుకో కోటయ్యా!" అని జయకృష్ణ అరిచాడు. గుడ్డ లేచింది. నలభై మంది ఒక్క మనిషిలా వెనక్కి ఒరిగారు. నేను చూశాను. టన్నుల బరువు ఇనుము స్తంభాన్ని వదిలి మెల్లగా పైకి లేచింది. ఒక్కరు కూడా దానివైపు చూడలేదు. నేను చర్చికి వెళ్లేవాణ్ణి, కొండ మీది ఆ కోటయ్య స్వామికి నాకు లావాదేవీలు లేవు. అయినా చేతులు జోడించాను. ఎవరికి జోడించానో అడిగితే చెప్పలేను.

ఇమాం సాహెబ్‌ను, ఆటోలోని ఇద్దరు ఆడవాళ్లను బయటికి తీశారు. ఆయన కాలు విరిగింది, ఆడవాళ్లకు గీతలు తప్ప ఏమీ కాలేదు. అప్పుడు సూపర్‌వైజరు క్రేనుతో వచ్చాడు. కింద ఇంకెవరూ లేరు, మోకులు వదిలేస్తే పడ్డచోటే కోసి పట్టుకుపోతామన్నాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని అందరూ అరిచి చూశారు. పలుకు లేదు.

జయకృష్ణ వదలనన్నాడు. "కాయ కొట్టాల," అన్నాడు.

అది విని నేనే ముందుకు వెళ్లాను. "ఒరేయ్ జయా, ఏందిరా నీ చాదస్తం? ఇనప బోర్డుకి కొబ్బరికాయేంది? మనుషులొచ్చేశారుగా, దించి పారెయ్!" అన్నాను.

"బోర్డు సంగతి నాకు తెలవదన్నా. పట్టుకుంది ప్రభ మోకులు. మోకు పట్టి లేపింది ఏదైనా సరే, దాని మొదలు దగ్గర కాయ కొట్టందే దించం. మా తాతలు దించలా, నేనూ దించను," అన్నాడు.

సూపర్‌వైజరు బూతులు తిట్టాడు. నేనూ తక్కువ తినలేదు. నలభై మంది చేతులు వణుకుతున్నాయి, వీళ్లకు పిచ్చి పట్టిందా అన్నాను. దించమని నేను మూడుసార్లు అరిచాను. ఈ సంగతి తప్పకుండా రాయమని ఎస్సై గారిని కోరుతున్నాను. మానస సత్తెనపల్లిలో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తుంది. రోజూ ఆరు తర్వాతగానీ రాదు. ఆరోజు అక్కడ కరెంటు పోయి ముందుగా పంపేశారు. ఆమె బస్ షెల్టరులో గాలి తగ్గేదాకా నిలబడిందని నాకు తెలియదు. దించండి, దించండి అని నేను అరుస్తున్నది ఆమె మీదికే.

దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఎదురింటి హనుమాయమ్మ గారు దేవుడి గదిలో ఉన్న కాయను కిటికీలోంచి అందించారు. జయకృష్ణ ఎర్ర గుడ్డను పెద్దాయన జానకిరామయ్య గారి చేతికిచ్చాడు. ఆయన వెనకటికి ఇరవై ఏళ్లు ప్రభ నడిపించిన మనిషి. కాయ మొదలు దగ్గరే కొట్టాలి కాబట్టి జయకృష్ణ బోర్డు కిందికి వంగి, షెల్టరు పక్కనున్న ఇనుప కాలి దగ్గరికి వెళ్లాడు. కాయ కొట్టిన చప్పుడు నాకు వినిపించింది. కొబ్బరినీళ్లు ఫ్లెక్సీ చిరుగులోంచి లోపలికి కారాయట. లోపల ఎవరో దగ్గారు.

"గుడ్డ కదల్చమాక తాతా! లోపల మనిషుంది!" అని జయకృష్ణ కేక వేశాడు. ఫ్లెక్సీ పైకెత్తాడు. తర్వాత నావైపు తిరిగి, "అన్నా, మన మానస," అన్నాడు.

నేను పరిగెత్తాను. అప్పుడే మూడో మోకు దగ్గర ఒకతను కళ్లు తిరిగి పడిపోయాడు. బోర్డు అటు జరిగింది, ఇనుము కీచుమంది. జయకృష్ణ చేయి అడ్డం పెట్టి నన్ను ఆపాడు.

"లోపలికి రామాక బెంజిమినన్నా. ఆ మోకుకి మనిషి తగ్గాడు, పోయి పట్టు. ఇటు చూడమాక. గుడ్డే చూడు."

నేను వెళ్లి మూడో మోకు పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానని ఎస్సై గారు అడిగారు. తెలియదు. గుడ్డ అంచు పీచులు లేచి ఉంది. ఒక మూల పసుపు మరక ఉంది. గుడ్డ ఎడమకు వంగితే లాగాను, ఆగితే ఆగాను. వెనక ఫ్లెక్సీ కోస్తున్న చప్పుడు విన్నాను. నా భార్య గ్రేస్ ఏడుపు విన్నాను. మానసా, మానసా అని ఎవరో పిలిచారు. జవాబు వినిపించలేదు. తల తిప్పలేదు. గుడ్డే చూశాను. నా ముందున్నవాడి వీపు మీద రక్తపు చేతిముద్ర ఉంది. అది నా చేతిదే, మోకు జారినప్పుడు తగిలింది. అతని పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. "గట్టిగా పట్టు బాబాయ్, మన పిల్లే," అని తల తిప్పకుండానే అన్నాడు.

జానకిరామయ్య గారు గుడ్డను మెల్లగా కిందికి దించారు. మేము మోకులు మెల్లగా వదిలాం. అంత బోర్డు నిద్రపోయిన పిల్లను పక్కమీద వేసినట్టు రోడ్డు మీద పడుకుంది. అప్పుడు తిరిగి చూశాను. మానస అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. తలకు దెబ్బ తగిలింది, భుజం ఎముక విరిగింది. నన్ను చూసి, "ఏంది నాన్నా, నీ చేతులకి ఏమైంది?" అంది.

అందరినీ తమ సిబ్బందే బయటికి తీశారని సూపర్‌వైజరు రాశాడని చెప్పి, మీ అమ్మాయిని ఎవరు బయటికి తీశారో మీరు కళ్లారా చూశారా అని ఎస్సై గారు అడిగారు. చూడలేదు. చూశానని చెబితే జయకృష్ణకు మేలని తెలుసు. అయినా చూడలేదు. నా బిడ్డను బయటికి తీస్తుంటే నేను గుడ్డ చూస్తున్నాను. మోకు పట్టిన నలభై మందీ గుడ్డనే చూస్తున్నారు. మాలో ఒక్కడు తల తిప్పినా చూడటానికి ఆమె ఉండేది కాదు.

ఫిర్యాదులో "మరో నలభై మంది" అని ఉంది గాని పేర్లు లేవు. మిగతావాళ్ల పేర్లు నాకు తెలియవు. ఒక పేరు మాత్రం తెలుసు, రాసుకోండి. కొండేపోగు బెంజిమిన్, మూడో మోకు.

నేను చెప్పింది చెప్పినట్టుగా రాసి నాకు చదివి వినిపించారు. ఇందులో నేను చూసింది చూసినట్టు, చూడనిది చూడలేదనే ఉంది. అంతా నిజం.

కొండేపోగు బెంజిమిన్, ఎడమచేతి బొటనవేలి ముద్ర.
(సాక్షికి చదువు, సంతకం వచ్చు. కుడి అరచేతి చర్మం ఊడి కట్టు కట్టి ఉన్నందున పెన్ను పట్టుకోలేకపోయారు.)