పై వరుస ఎలుకలు

తెల్ల ఎలుకల్ని పెంచే గదిలోకి ప్రొఫెసర్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. బోనులు కడుగుతున్న ఆవిడ చేతులు తుడుచుకుని లేచింది.

"మన ఎలుకల మీద అచ్చయిన పరిశోధన పేపరు వెనక్కి తీసుకుంటున్నానమ్మా. పత్రికకు ఉత్తరం రాశాను, వింటావా?"

"నాకెందుకు సార్?"

"విను. 'ఎలుకలు బరువు పెరిగింది మా మందు వల్ల కాదు. మందు పెట్టినవన్నీ పై వరుసలో ఉండేవి. సంచిలోని మేత గింజలు ముందు వాటికే పడేవి. కింది వరుసకు అడుగున మిగిలిన పొడే దక్కేది. ఈ సంగతి ఈమధ్యే మా దృష్టికి వచ్చింది.'"

"ఈమధ్యేనా సార్?"

అతను ఆఖరి వాక్యం మళ్ళీ చూసుకున్నాడు.

"మూడేళ్ళ కిందట మీ గుమ్మంలో నిలబడి చెప్పానా లేదా? బోనులు కడిగేదానివి, సైన్సు నీకెందుకన్నారు. మీ స్టూడెంట్లంతా ఒకటే నవ్వు."

"నేనూ నవ్వాను."

అతను జేబులోంచి పెన్ను తీసి ఆఖరి వాక్యం కొట్టేశాడు.

"మూడేళ్ళ కిందటే చెప్పారు, నేనే వినలేదు అని రాస్తాను. చెప్పింది నువ్వేనని నీ పేరు కూడా రాయనా?"

"రాద్దురుగాని సార్. ముందు నా పేరేంటో చెప్పండి."