తాడు పట్టేవాడు

మోత్కూరు బావిలో పడ్డ మోట బొక్కెనను మునిగి తీసి పైకొచ్చిన బావ, నడుముకున్న తాడు విప్పకుండానే గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. తాడు రెండో కొస పట్టుకున్న బామ్మర్దికి ఆ తిరుగుడు నచ్చలేదు.

“గీ బావులల్ల బురద దేవులాడి ఇసుగొచ్చింది. రేపే విశాఖపట్నం పోతున్న.”

“సముద్రంల ఎవరి బొక్కెన పడ్డది బావా?”

“నవ్వకు. భీమిలి కాడ మునిగిన పడవ ఇనుము తియ్యాలెనట. ఆడ రాళ్ల నడుమ నీళ్లు తేటగుంటయట. కండ్లకు అద్దం కట్టుకుంటే అడుగున తిరిగే రంగురంగుల చాపలు గూడ కనవడ్తయట!”

“మరి ఊపిరి?”

“పైన పడవల కూసోని మిషన్ తిప్పి, రబ్బరు గొట్టంల గాలి పంపుతరు.”

“తిప్పేదెవరు?”

“ఎవరో కూలోడు. నాకేమెరుక?”

“నీకు అన్నదమ్ములుండంగ, తాడు నాకే ఎందుకిస్తవ్?”

“ఇడిస్తే మీ అక్క పుస్తె తెగుతదని నీకు భయం గనుక.”

“మరి ఆ కూలోడు నీకు అక్కనిచ్చిండా?”

బావ తిరగడం ఆపాడు.

“అయితే నువ్వు గూడ రా.”

“నా గొర్లో?”

“మీ అక్క కాస్తది.”

“అక్కకు నేను చెప్త. నువ్వు నోరు తెరవకు. మిషన్ నేనే తిప్పుతనంటేనే నిన్ను గడప దాటనిస్తది.”