పాస్టర్ పడిపోతే చప్పట్లు

ఆదివారం. ఉదయపు ఆరాధన ముగిసింది, మూడు గంటల ఆరాధన ఇంకా మొదలుకాలేదు. జార్జియాలో ఒక చిన్న ఊరి బాప్టిస్టు చర్చి, దాని వెనక వంటగది. చంకలో చంటాణ్ణి ఎత్తుకున్న పాస్టర్ భార్య కియానా, అందరూ మదర్ అని పిలుచుకునే చర్చి పెద్దావిడ ఓజెల్లా, వచ్చే అతిథుల కోసం పళ్ళేలు సర్దుతున్నారు.

"సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా మదర్. అన్నిటికన్నా నాకు భయం ఒకటే. మా ఆయన ప్రసంగం చేస్తూ పుల్పిట్ మీద పడిపోతాడు, ప్రాణం పోతూ ఉంటుంది, మీరంతా చుట్టూ చేరి చప్పట్లు కొడుతుంటారు."

"అవేం మాటలు తల్లీ, ఆదివారం పూట! ఆ చికెన్ మీద మూత పెట్టు. ఈగలు."

"పొద్దున కొట్టారుగా."

"పొద్దున పాస్టర్ మీదికి పరిశుద్ధాత్మ దిగింది. చర్చంతా కళ్ళారా చూసింది. పడిపోతుంటే నేనే పట్టుకున్నా, నేనే విసనకర్రతో విసిరా, నేనే మీద తెల్లగుడ్డ కప్పా. ఈ చర్చిలో ఆత్మ దిగి పడినవాళ్ళనందర్నీ ఇన్నేళ్ళూ పట్టుకున్నది ఈ చేతులే. నాకు తెలీదా?"

"పడేముందు ఆయన నా వైపు చూశాడు."

"చూస్తే?"

"నేనెవరో తెలీలేదు ఆయనకి."

"ఆ మాకరోనీ గిన్నె ఇలా తే."

"మదర్!"

"విన్నానమ్మా, విన్నాను. ఆత్మ దిగినప్పుడు ఈ లోకం కనబడదు. ఇంక పెళ్ళామెక్కడ కనబడుతుంది?"

"ఆత్మ దిగితే మా ఆయన ఎలా ఉంటాడో నాకు తెలుసు. కుడికాలు నేలకేసి కొడతాడు. గొంతు పైకి లేస్తుంది. పొద్దున మాట ముద్దముద్దగా అయిపోయింది. మైకు చేతిలోంచి జారిపోయింది. 'ప్రభువు నా... ప్రభువు నా...' అని అక్కడే ఆగిపోయాడు. మీరేమో 'చెప్పండి పాస్టర్, చెప్పండి' అని అరిచారు. బ్రదర్ క్లీటస్ ఆర్గన్ పెంచేశాడు."

"క్లీటస్ ఎప్పుడూ పెంచుతాడు. వాడికి పెంచడమే గానీ తగ్గించడం రాదు."

"నవ్వించకండి. నాకు ఏడుపొస్తోంది."

"ఏడిస్తే గ్రేవీలో పడకుండా ఏడువు. ఇంతకీ నువ్వేమన్నా డాక్టరువా?"

"పదకొండో క్లాసు మధ్యలో మానేసినదాన్ని, డాక్టర్ల మాటలు నాకేం తెలుస్తాయి? కానీ ఈస్టర్ నాడు ఒకసారి పడ్డాడు. తర్వాత బాత్రూంలో. మొన్న గరాజ్‌లో. గరాజ్‌లో ఆర్గన్ లేదు, పాట లేదు, జనం లేరు. అక్కడ ఆత్మ ఎందుకు దిగినట్టు మదర్?"

"గరాజ్‌లోనా?"

"గడ్డి కోసే మిషన్ పక్కన. కళ్ళు తెరిచే ఉన్నాయి. 'మార్లన్, మార్లన్' అని నేను అరుస్తున్నా. లేచి కూర్చుని, 'జోరీని స్కూల్నించి తెచ్చావా' అన్నాడు. మా పాపకి ఇంకా స్కూలుకెళ్ళే వయసే రాలేదు."

"నాకెవరూ చెప్పలేదే."

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"మరిప్పుడు చెప్తున్నావుగా."

"మూడింటికి మళ్ళీ ఎక్కుతాడు కాబట్టి. మీరు చెప్తే వింటాడు మదర్. సండే స్కూల్లో ఆయన చెవి మెలేసింది మీరేగా. ఈ పూట ప్రసంగం వద్దనండి. ఒక్క మాట. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నా కాళ్ళు అసలే వాచిపోయి ఉన్నాయి, వాటి జోలికి రాకు. ఏమని చెప్పమంటావ్ నన్ను? పక్క ఊరి మకెడోనియా చర్చి వాళ్ళు వ్యాన్లు కట్టుకుని వస్తున్నారు, ఎందుకనుకుంటున్నావ్? నా పౌండ్ కేకు కోసం కాదు. ఈస్టర్ నాటి సంగతి విని. అక్కడి పాస్టర్‌ని ఆత్మ నేల మీద పడేస్తుందట అని పక్క కౌంటీ దాకా పాకింది. దుమ్ము పట్టిన బెంచీలు ఇప్పుడు నిండుతున్నాయి. పోయి వాళ్ళతో అది రోగం అని చెప్పనా?"

"చెప్పండి."

"చెప్పండట! ఎంత తేలిగ్గా అనేసింది! నువ్వు పాస్టర్ భార్యవి, ఈ చర్చికి ఫస్ట్ లేడీవి. ఫస్ట్ లేడీ అన్నాక..."

"ముందు బెంచీలో టోపీ పెట్టుకుని నవ్వుతూ కూర్చోవాలి. తెలుసు. కూర్చుంటూనే ఉన్నాగా."

"ష్. పాస్టర్ వస్తున్నాడు."

"కియానా! కీ! నా తెల్ల రుమాళ్ళెక్కడ పెట్టావ్? ఆ... మదర్, ఆ వాసనేంటి, పౌండ్ కేకేనా? ఒక్క ముక్క ఇవ్వండి, నిలబడే తినేస్తా."

"కూర్చుని తిను మార్లన్."

"కూర్చోడానికి టైమెక్కడుంది కీ? మన సంఘపెద్ద డీకన్ హోరేస్‌ని ఆసుపత్రిలో చూసి ఇప్పుడే వస్తున్నా. మంగళవారం సమాధి కార్యక్రమానికి పాటలు తేల్చాలి. బాప్తిస్మం తొట్టి మళ్ళీ కారుతోందట. ఆగు, ఫోను. హలో, సిస్టర్ ఎర్నెస్టీన్! చెప్పండి. లేదండీ, మీ అబ్బాయి పెళ్ళికి కుక్కని చర్చిలోకి రానివ్వాలంటే డీకన్లని అడగాలి. అవునండీ, మంచి కుక్కేనండీ. తప్పకుండా ప్రార్థన చేస్తా. కుక్క కోసం కాదు, మీ కోసం. ఉంటాను."

"ఆ ఫోను ఇలా ఇవ్వు."

"ఎందుకు? మళ్ళీ మోగుతోంది చూడు."

"ఇవ్వు. హలో, నేను కియానాని. ఆయన భోంచేస్తున్నారు. అవునండీ, పాస్టర్లు కూడా తింటారు. తర్వాత చెయ్యండి. ఇదిగో, కట్టేశా. ఇప్పుడు కూర్చో. మార్లన్, ఈ పూట నువ్వు ప్రసంగం చెయ్యొద్దు."

"మళ్ళీ మొదలా? మదర్ ముందు ఎందుకు ఇవన్నీ..."

"మదర్‌కి చెప్పేశా. గరాజ్ సంగతి కూడా."

"కీ!"

"ఒట్టు తప్పాను. తిట్టాలంటే తిట్టు."

"అలిసిపోయాను, అంతే. నిద్ర చాలట్లేదు. తెల్లారకముందే స్కూలు బస్సు తియ్యాలి, బస్సు దిగి ఆసుపత్రులు, ఆసుపత్రుల నుంచి మళ్ళీ బస్సు, సాయంత్రం బైబిలు స్టడీ. ఎవరైనా ఓసారి తూలుతారు."

"రేపు కూడా తీస్తావా?"

"ఏది?"

"బస్సు."

"సోమవారం కదా. తియ్యక?"

"బస్సు నిండా పిల్లలు. నది మీద వంతెన. నీ కళ్ళు తెరిచే ఉంటాయి, నువ్వు మాత్రం ఉండవు. అప్పుడెవరు పట్టుకుంటారు మార్లన్? మదర్ వచ్చి స్టీరింగ్ మీద గుడ్డ కప్పుతుందా?"

"మెల్లిగా మాట్లాడు. హాల్లోకి వినిపిస్తుంది."

"వినిపించనీ."

"చెప్తే ఆ రోజే తాళాలు తీసేసుకుంటారు. బస్సుద్యోగం పోతే వైద్య బీమా పోతుంది. చంటాడికి ఆ దగ్గు ఇంకా తగ్గనేలేదు. చర్చి మనకి ఏమివ్వగలదో నీకు తెలుసు. నేనేం చెయ్యను?"

"అందుకేనా? ఒక్క బీమా కోసమేనా?"

"ఒక్కటే కాదు."

"మరి?"

"ఒకవేళ అది నిజంగా ఆత్మే అయితే, కీ? ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు పొద్దున నా కళ్ళ ముందు వాటేసుకుని ఏడ్చారు. నేను లేచేసరికి అదే చూశాను. పోయి వాళ్ళతో, మిమ్మల్ని కలిపింది నా జబ్బు అని చెప్పమంటావా?"

"వాళ్ళు కలిసింది అబద్ధమని నేనట్లేదు. నువ్వు చచ్చిపోతావని అంటున్నా. మదర్, మీరేం మాట్లాడరేం?"

"నేను కేకు కోస్తున్నా."

"సరే. నిన్న జోరీ మోకాలికి కట్టు చూశావా మార్లన్?"

"చూశా. పడిందన్నావుగా."

"ఎలా పడిందని అడగలేదు నువ్వు."

"ఎలా పడింది?"

"పిల్లలంతా మన వరండాలో చర్చి ఆట ఆడుతున్నారు. జోరీ పాస్టర్. పై మెట్టు మీద నిలబడి చేతులు పైకెత్తి, అలాగే ముందుకి పడిపోయింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. మమ్మీ, మమ్మీ అని ఏడుస్తోంది. పిల్లలు చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు. హల్లెలూయ అంటున్నారు. నేను పరిగెత్తుకెళ్తే డీకన్ గారి మనవరాలు నాకడ్డం వచ్చింది. 'ముట్టుకోకండి, పాస్టర్ మీదికి ఆత్మ దిగింది' అంది."

"ఆ పిల్లకి ఎన్నేళ్ళని..."

"మన జోరీ ఈడుదే. వాళ్ళకేం తెలుసు? చూసిందే ఆడారు. నేను వాళ్ళ మీద అరిచా. తర్వాత బాత్రూంలోకి పోయి ఏడ్చా. మాట్లాడు. మార్లన్? మార్లన్, వస్తోందా మళ్ళీ?"

"లేదు. లేదు, బాగానే ఉన్నా. మదర్, మీరు చెప్పండి. పొద్దున నన్ను పట్టుకుంది మీరు. అది ఆత్మేనా?"

"ఆకుకూర చల్లారిపోతోంది పాస్టర్."

"మదర్. అడుగుతున్నాను."

"వ్యాన్లు వచ్చిన చప్పుడైంది. ఎదురెళ్ళి పలకరిస్తే మర్యాదగా ఉంటుంది."

"మదర్ ఓజెల్లా."

"పొద్దున నీ చెయ్యి చల్లగా ఉంది బాబూ. ఐసు ముక్కలా. ఆత్మ దిగినవాళ్ళ చేతులు కాలిపోతుంటాయి. నీ మూతి ఒక పక్కకి పోయింది. అది ఎవరూ చూడకూడదనే మొహం దాకా గుడ్డ కప్పా. కప్పి, నేను కూడా స్తోత్రం స్తోత్రం అన్నా. ఇంక నన్నేమీ అడక్కు మార్లన్."

"మరి ఇందాకట్నుంచి నాతో... మదర్, ఇందాకట్నుంచి నాతో ఆత్మ అని..."

"మీ అత్తగారు పోయేముందు వీణ్ణి నా చేతుల్లో పెట్టింది కియానా. నా చేతుల్లోనే పడ్డాడు. అది రోగమని నా నోటితో ఎలా అనను?"

"కీ, ఆ రుమాళ్ళు ఇవ్వు."

"వెళ్తున్నావా? ఇంత విన్నాక కూడా?"

"జనం వచ్చేశారు. నేను వెళ్ళాలి."

"నేను రాను. ఈ పూట ఆ బెంచీలో కూర్చోలేను."

"రావద్దు. ఇక్కడే ఉండి స్పీకర్లో విను."

"ఏం వినాలి?"

"విను."

"మార్లన్! మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకో."

ఆయన వెనక తలుపు మూసుకుంది. కాసేపటికి వంటగది గోడ మీది స్పీకర్లో పాట మొదలైంది.

"చంటాణ్ణి నాకివ్వు తల్లీ. కాసేపు కూర్చో."

"వద్దు. వీణ్ణి ఎత్తుకుంటేనే నిలబడగలుగుతున్నా. మీరు వెళ్ళండి మదర్. ఆయన పక్కన నిలబడండి."

"వెళ్తా. ఈ ఏప్రన్ ముడి వదలట్లేదు."

"నేను విప్పుతా, ఇటు తిరగండి. స్పీకరు పెంచండి. పాట అయిపోయింది, విన్నారా? అయిపోయింది. ఎందుకు మాట్లాడట్లేదాయన?"

"గొంతు సవరించుకుంటున్నాడేమో."

"ఇంతసేపా? వాళ్ళు పిలుస్తున్నారు. 'చెప్పండి పాస్టర్' అంటున్నారు. పొద్దున కూడా ఇలాగే మొదలైంది మదర్, ముందు ఇలాగే ఆగిపోయాడు..."

"కంగారు పడకు."

"ఆర్గన్! క్లీటస్ మొదలెట్టేశాడు! చప్పట్లు! చప్పట్లు వినబడట్లేదా మీకు? పడిపోయాడు!"

"ఉండు, ఉండు..."

"పడిపోయాడు! తలుపు తియ్యండి! ఎవరూ పట్టుకోరు, వాళ్ళెవరూ పట్టుకోరు!"

"ఉండవే తల్లీ! నోరు మూసుకుని విను! అది ఆయన గొంతే."

స్పీకర్లో పాస్టర్ మార్లన్ మాట్లాడుతున్నాడు.

"క్లీటస్, ఆర్గన్ ఆపు తమ్ముడూ. ఆపు. చప్పట్లు కూడా ఆపండి. నేను నిలబడే ఉన్నాను. అందరూ దయచేసి కూర్చోండి."

"చెప్పండి పాస్టర్! చెప్పండి!"

"లేదండీ, ఇది ప్రసంగం కాదు. ఆమెన్ అనొద్దు, ఒక్క నిమిషం వినండి చాలు. పొద్దున మీ మధ్య దేవుడు లేడని నేననను. మీ కన్నీళ్ళు ఉత్తివనీ అనను. కానీ నన్ను పడేసింది జబ్బు. ఈస్టర్ నాడు పడేసింది కూడా అదే. అనుమానం ఉండి కూడా మీకు చెప్పలేదు. మీరు సంతోషపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు. రేపు నేను బస్సు నడపను. డాక్టర్ దగ్గరికి వెళ్తాను. ఈ పూట వాక్యం మకెడోనియా పాస్టర్ గారు చెప్తారు. మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. నా భార్య వెనక వంటగదిలో ఉంది. చంకలో చంటాణ్ణి ఎత్తుకుని, స్పీకరు కింద నిలబడి, నేను పడిపోయే చప్పుడు కోసం వింటోంది. ఈస్టర్ నుంచీ వింటూనే ఉంది. రోజూ నన్ను ఎలా ఉన్నారని ఇంతమంది అడుగుతారు, ఆమెని అడిగినవాళ్ళు లేరు. నేను కూడా అడగలేదు. మీలో ఎవరైనా ఒకరు లేచి, వెళ్ళి, ఆమె ఎలా ఉందో చూసి రండి."