మూడుసార్లు చెప్పే సీరియల్

ఉద్దానం పల్లెలో ఇంటి ముందు జీడిపిక్కలు ఆరబోస్తున్న సస్మితకి, మరిది ఢిల్లీబాబు ఓ టీవీ సీరియల్ గురించి తాను ఫోన్‌లో రాసిన రివ్యూ చదివి వినిపించాడు.

"‘పదేళ్లుగా సాగుతున్న చెత్త కామెడీ సీరియల్. ఒకే మాట మూడేసి సార్లు చెప్తారు, చేతులూపి మరీ చూపిస్తారు.’ ఎలాగుంది వదినా? పేపరోళ్లూ ఇలాగే తిట్టినారు."

"అది తీసేయ్ బాబూ."

"ఏటి, అబద్ధమా?"

"నిజమే. నాను ఒడిశా నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు తెలుగు ముక్క రాదు. మీ అమ్మ సేట తెమ్మంటే సీపురు తెచ్చేదాన్ని. ఎవురూ తిట్టలేదు గానీ, నాతో మాటాడ్డమే మానేసినారు."

"అప్పుడు నాను సిన్నోణ్ణి. గుర్తులేదు."

"ఆ సీరియల్‌లో అత్త ‘సేట’ అని మూడుసార్లు అనేది, సెరిగి సూపించేది. నాకదే బడి. మీరంతా నవ్వితే, మీ మొకాలు సూసి నవ్వేదాన్ని. ఒకనాడు అందరికంటే ముందు నాకే నవ్వొచ్చింది."

"అమ్మ ఏటంది?"

"నా వైపు తిరిగి ‘అర్థమైందేటే?’ అంది. ‘అయింది అత్తా’ అన్నాను. ఆ రోజు అన్నం తిన్నంతసేపూ నాతోనే మాటాడింది."

సస్మిత నవ్వుతూ పిక్కలు సర్దింది. ఢిల్లీబాబు రాసిందంతా చెరిపేశాడు.

"మొదట్నుంచి సెప్పు వదినా. నాను రాత్తాను."